బెజవాడ కారు, చెన్నై ట్రాక్, మధ్యలో వారంటీ

“కారులో హారన్ మార్చినా వారంటీ పోయినట్టే” అంటారు షోరూములో. “ఏమీ పోదు, సర్వీసుకు వెళ్లే ముందు రోజు పాత సామాను బిగించేస్తాం” అంటారు ఆటోనగర్‌లో. వేగమైన కారు కొనుక్కుని, ఏడాదికి ఒకటి రెండుసార్లు చెన్నై తీసుకెళ్లి రేసు ట్రాక్ మీద తిప్పాలని ముచ్చటపడే విజయవాడ కుర్రవాడికి ఈ రెండు మాటలూ ఒకే వారంలో వినబడతాయి. రెండూ నమ్మదగ్గవి కావు. మొదటిది చెప్పేవాడికి తలనొప్పి తగ్గించే మాట, రెండోది చెప్పేవాడికి బేరం తెచ్చే మాట.

ట్రాక్ మీద నిజంగా అక్కరకొచ్చే మార్పులు బ్రేకుల్లో, టైర్లలో, ఆయిళ్లలో ఉంటాయి. ఇవి ఎలాగూ అరిగిపోయే సామాను కాబట్టి వారంటీ పరిధిలో వీటికి పెద్దగా చోటు ఉండదు. వారంటీకి గండం తెచ్చేవి ఇంజన్ సాఫ్ట్‌వేర్, టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే భాగం), ఎగ్జాస్ట్ మార్పులు. కొత్తగా ట్రాక్ ఎక్కేవాడికి ఇవి దాదాపు పనికిరావు. విచిత్రం ఏమిటంటే, మనవాళ్ల డబ్బు ముందుగా ఖర్చయ్యేది ఈ రెండో రకం మీదే.

స్పోర్ట్స్ కారంటే రెండు తలుపుల పోర్షేనే కానక్కర్లేదు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు చూస్తే, ఈ ముచ్చట ఉన్నవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉండేవి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, పాత పోలో జీటీ, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ వంటి కార్లు. కాస్త కలిగినవాళ్ల దగ్గర స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2025లో మన దేశానికి వచ్చిన గోల్ఫ్ జీటీఐ. వీటిలో చాలావరకు ఇంటికి ఉన్న ఒక్క కారు. శనివారం ఇంటిల్లిపాదినీ మంగళగిరి పానకాలస్వామి గుడికి తీసుకెళ్లిన కారే ఆదివారం ట్రాక్ మీద ఉండాలి. ఈ ద్విపాత్రాభినయంలోనే చిక్కంతా ఉంది.

ట్రాక్ దూరం కూడా తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ పందెం జరిగిన మాట నిజమే కానీ, అది హుస్సేన్‌సాగర్ పక్కన రోడ్లకు కంచెలు కట్టి చేసిన తాత్కాలిక ఏర్పాటు. నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్ల ప్రపంచస్థాయి ట్రాక్, కానీ ఉత్తరాదిలో ఉంది. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది, చెన్నై దాటాక మళ్లీ అంత ప్రయాణం. కాబట్టి కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లకు మిగిలేది శ్రీపెరంబుదూరు దారిలో ఇరుంగాట్టుకోట్టై దగ్గర ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 1990 నుంచి నడుస్తున్న ఆ ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. వారధి దాటి, కాజ టోల్ కట్టి, ఒంగోలు, నెల్లూరు, తడ మీదుగా 16వ నంబరు జాతీయ రహదారిలో నాలుగు వందల యాభై కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. ట్రాక్ మీద ఏదైనా విరిగితే అదే దూరం వెనక్కి రావాలి. ఈ రెండో వాక్యాన్ని మార్పులు చేయించే ముందు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

బ్రేకు దగ్గర మొదలుపెడదాం

ట్రాక్ మీద మామూలు కారు ముందుగా చేతులెత్తేసేది బ్రేకుల దగ్గర. ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. 1250 కిలోల కారు ఊళ్లో గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే బ్రేకులు వేడిగా మార్చి వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 1.74 లక్షల జౌళ్లు. అదే కారు ట్రాక్ మీద తిన్నని దారి చివర 160 నుంచి 60కి తగ్గితే ఆ అంకె 10.6 లక్షల జౌళ్లు. ఆరు రెట్లు. పైగా ఊళ్లో ఒకసారి ఆగాక మళ్లీ వేగం పుంజుకునేలోపు డిస్కులు చల్లారతాయి. ట్రాక్ మీద ఆ అవకాశం ఉండదు, తర్వాతి మలుపు అప్పటికే ఎదురుగా ఉంటుంది.

ఆ వేడి ప్యాడ్ల గుండా, వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్‌లోకి, అక్కడి నుంచి మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచే ద్రవంలోకి చేరుతుంది. ఈ ద్రవానికి ఒక గుణం ఉంది. గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా సీసా తెరిచినప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తర్వాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 3 అయితే 140కే. ఉక్కపోత కోస్తాలో రెండు మూడేళ్లు తిరిగిన కారులో ఉన్న బ్రేక్ ఆయిల్‌ను కొత్తదనుకోవడానికి వీల్లేదు. అది మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే నాలుగో రౌండులోనో ఐదో రౌండులోనో పెడల్ మీద కాలు వేస్తే గట్టిగా తగలాల్సింది స్పాంజిలా లోపలికి పోతుంది. ఇంకాస్త ముదిరితే నేలకు అంటుకుంటుంది.

దీనికి విరుగుడు చవకైనదే. మంచి డాట్ 4 గానీ డాట్ 5.1 గానీ కొత్తది పోయించడం. 5.1కు తేమ పట్టాక కూడా 180 డిగ్రీల హద్దు ఉంటుంది. పేరులో పోలిక ఉన్న డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. ఈ పనిని అధీకృత సర్వీసు కేంద్రంలోనే చేయించుకుని జాబ్ కార్డు మీద రాయించుకుంటే అది మార్పు కిందికే రాదు. వాహనాన్ని శ్రద్ధగా చూసుకున్నారనడానికి సాక్ష్యంగా పనికొస్తుంది.

ప్యాడ్ల విషయంలో జాగ్రత్త వేరు. కంపెనీ ప్యాడ్లు తెల్లవారుజామున గ్యారేజీ నుంచి బయటికి తీసిన మరుక్షణం కూడా పట్టేలా తయారవుతాయి. అసలు రేసు ప్యాడ్లకు వేడెక్కితే గానీ పట్టు రాదు. వాటితో ప్రకాశం బ్యారేజీ మీద ఉదయాన్నే వెళ్తుంటే, అడ్డం వచ్చిన గేదె ముందు కారు ఆగుతుందో లేదో గేదెకూ తెలియదు, మనకూ తెలియదు. ట్రాక్‌కు సొంతంగా నడుపుకుంటూ వెళ్లి రావాలనుకునేవాళ్లు రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్యస్థంగా ఉండే ప్యాడ్లు కొనాలి. కాస్త కీచుమంటాయి, చక్రాల నిండా నల్లటి పొడి చేస్తాయి, డిస్కులను త్వరగా తినేస్తాయి. అంతకు మించిన నష్టం లేదు. తిరిగొచ్చాక పాత ప్యాడ్లు వేసుకోవడం గంట పని.

టైర్ల గురించి ఒక్క మాట చాలు. కొలత మార్చకుండా మెరుగైన రబ్బరు ఉన్నవి వేసుకుని, ట్రాక్ మీద రెండు రౌండ్లు తిప్పాక గాలి కొలవడం నేర్చుకోవాలి. వేడికి ఆరేడు పీఎస్‌ఐ పెరగడం మామూలే. ఇంటి దగ్గర పెట్టుకున్న అంకెను నమ్ముకుని తిరిగితే మధ్యాహ్నానికి కారు మలుపుల్లో జారుతుంది, నడిపేవాడు సస్పెన్షన్‌ను తిడతాడు.

అసలు వారంటీ ఏమని మాటిస్తుంది

వారంటీని చాలామంది బీమాలాగా ఊహించుకుంటారు. ఏది పాడైనా కంపెనీ చూసుకుంటుందని. వారంటీ పుస్తకం మాటిచ్చేది అది కాదు. తయారీలోనో వాడిన పదార్థంలోనో లోపం ఉంటే ఆ భాగాన్ని బాగుచేస్తాం లేదా మారుస్తాం అని మాత్రమే. వాడకం వల్ల అరిగేవి, అంటే ప్యాడ్లు, డిస్కులు, క్లచ్ ప్లేట్లు, టైర్లు, వైపర్లు, మొదటి నుంచీ ఆ మాటకు బయట. ఆ తర్వాత మినహాయింపులు మొదలవుతాయి. కంపెనీవి కాని భాగాలు, మార్పులు చేయడం వల్ల వచ్చిన నష్టం ఒకటి. పందేల్లో, ర్యాలీల్లో వాడటం రెండోది. సర్వీసు సరిగా చేయించకపోవడం మూడోది.

మొదటి మినహాయింపులో “వల్ల వచ్చిన” అన్న ముక్కే కీలకం. సైలెన్సర్ మారిస్తే పవర్ విండో మోటారుకు వారంటీ ఎందుకు పోతుంది? పోదు. అయితే టర్బో పోతే మాత్రం సైలెన్సర్ సంగతి చర్చకు వస్తుంది. మార్పు ఏ భాగానికి ఎంత దగ్గరగా ఉంటే ఆ భాగం వారంటీ అంత బలహీనపడుతుంది. వారంటీ “మొత్తం పోయింది” అనే మాట షోరూము కౌంటరు దగ్గర తేలిగ్గా వచ్చేస్తుంది కానీ, కాగితం మీద రాసివ్వమంటే అంత తేలిగ్గా రాదు.

రెండో మినహాయింపు మరింత ఆలోచించాల్సింది, ఎందుకంటే ఏ మార్పూ చేయని కారుకూ అది వర్తిస్తుంది. ట్రాక్ డే, అంటే ఎవరి కారును వాళ్లు ట్రాక్ మీద తిప్పుకునే రోజు, పందెమా? గడియారం పెట్టకుండా, ర్యాంకులు ఇవ్వకుండా, ఒక క్రమంలో వదిలి తిప్పుకోనిచ్చేదైతే కాదని వాదించవచ్చు. టైమ్ అటాక్ పేరుతో సెకన్లు లెక్కగట్టి బహుమతులిచ్చేదైతే అది పోటీ, అందులో సందేహం లేదు. కొన్ని పుస్తకాలు పోటీలను మాత్రమే మినహాయిస్తాయి, కొన్ని ట్రాక్ వాడకాన్నే పేరు పెట్టి మినహాయిస్తాయి. డ్యాష్‌బోర్డు సొరుగులో పడి ఉండే ఆ పుస్తకంలో ఈ ఒక్క పేరా చదవకుండా వర్క్‌షాపుకు వెళ్లడం బుద్ధితక్కువ పని. పొడిగించిన వారంటీ కొన్నవాళ్లు దాని షరతులు విడిగా చదవాలి, అవి తరచుగా మొదటి వారంటీ షరతులకంటే బిగువుగా ఉంటాయి.

ఈ విషయంలో కంపెనీలన్నీ ఒకే తీరులో లేవు. ఆస్ట్రేలియాలో హ్యుందాయ్ తన ఐ30 ఎన్ కారును పోటీ కాని ట్రాక్ డేలకు తీసుకెళ్లినా వారంటీ ఉంటుందని ముందుకొచ్చి ప్రకటించింది. ఇక్కడ అమ్మే ఎన్ లైన్ కార్లు వేరు, ఆ మాట వాటికి అన్వయించుకోకూడదు. మరోవైపు 2022లో అమెరికాలో ఒక టయోటా జీఆర్86 యజమానికి ఇంజన్ వారంటీ నిరాకరించారు, కారణంగా అతని కారు డ్రిఫ్టింగ్ చేస్తున్న ఫొటోలు చూపారు. అది పెద్ద దుమారమై చివరికి కంపెనీ దిగివచ్చింది. నంబరు ప్లేటు కనిపించేలా రీల్స్ పెట్టేవాళ్లకు ఆ ఉదంతం చాలు.

రీమ్యాప్ అనే మాయ

ఇక అందరి మనసూ లాగే విషయానికి వద్దాం. టర్బో ఉన్న కారులో ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఎంత గాలి ఒత్తిడి, ఎంత పెట్రోలు, నిప్పురవ్వ ఏ క్షణంలో అన్నది నిర్ణయిస్తుంది. ఆ పట్టికలను మార్చి రాయడమే రీమ్యాప్. ఒక బోల్టు కూడా విప్పకుండా ముప్పై నలభై గుర్రాల శక్తి పెరుగుతుంది. ముప్పావు గంట పని. ఇంతకంటే ఆకర్షణీయమైన బేరం కార్ల లోకంలో లేదు.

వర్టస్ జీటీనే తీసుకుని చూద్దాం. దాని 1.5 లీటర్ల ఇంజన్ 150 పీఎస్ శక్తి, 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఆటోమేటిక్ రకంలో దానికి జోడించినది డీక్యూ200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్సు, పొడి క్లచ్‌లు ఉన్నది. ఆ గేర్‌బాక్సును తయారుచేసినవాళ్లు దానికి పెట్టిన టార్క్ హద్దు కూడా 250 న్యూటన్ మీటర్లే. అంటే కంపెనీ కారును ఇచ్చేటప్పుడే గేర్‌బాక్సు తన గరిష్ఠ హద్దు దగ్గర ఉంది. మొదటి మెట్టు రీమ్యాప్ ఆ టార్క్‌ను 300కు అటూ ఇటూ తీసుకెళ్తుంది. ఇంజన్ ఆ భారాన్ని మోయొచ్చు. పొడి క్లచ్‌లు మాత్రం ఆయిల్‌లో తడుస్తూ చల్లబడేవి కావు. ట్రాక్ మీద మళ్లీ మళ్లీ వేడెక్కుతాయి. అవి జారడం మొదలైతే, గేర్లను మార్చే మెకట్రానిక్ భాగం మొరాయిస్తే, ఖర్చు లక్షల్లో మాట్లాడుతుంది. అప్పుడు కంపెనీ అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: మేము 250కి తయారుచేసినదానిలోకి 300 పంపింది ఎవరు? దీనికి నిజాయితీగా చెప్పగల జవాబు లేదు.

ఇంత తెగించినా ట్రాక్ మీద దక్కేది ఎంత? ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రెండు మూడు వేగమైన రౌండ్లకే వేడెక్కిపోతుంది. గాలి వేడెక్కితే ఇంజన్ నాకింగ్ నుంచి, అంటే లోపల పెట్రోలు అదుపు తప్పి మండటం నుంచి, తనను కాపాడుకోవడానికి నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది, శక్తి తగ్గుతుంది. ఉదయం చల్లదనంలో ఇంజన్ శక్తిని కొలిచే డైనో యంత్రం మీద అచ్చువేసిచ్చిన అంకె చెన్నై మధ్యాహ్నానికి ఎక్కడో ఆవిరవుతుంది. మొదటిసారి ట్రాక్‌కు వెళ్లినవాడు ముందే బ్రేకు వేసి, ఆలస్యంగా యాక్సిలరేటర్ తొక్కి, గీత తప్పి పోగొట్టుకునే సెకన్ల ముందు ఆ ముప్పై గుర్రాలు తెచ్చే సమయం లెక్కలోకే రాదు. ఆ డబ్బుతో ఒక పూట శిక్షకుడిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఎక్కువ దక్కుతుంది. ఇది చెబితే వర్క్‌షాపుల్లో నవ్వుతారు, నవ్వనివ్వండి.

“తీసేస్తే తెలియదు” అనేది ఎంత నిజం

సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ పాతది చేసేస్తే ఎవరికి తెలుస్తుంది అన్నది తర్వాతి ధైర్యం. చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు తిరిగి రాశారో లెక్క నమోదవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో మరో మెట్టు ఉంది. స్టీరింగ్ కింది సాకెట్‌కు సర్వీసు కేంద్రంలో తమ పరికరాన్ని తగిలించినప్పుడు, కారులో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసినదో కాదో పోల్చి చూడగలదు. తేడా వస్తే ఆ ఛాసిస్ నంబరు మీద టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఆ గుర్తు ఉండేది కారులో కాదు, కంపెనీ సర్వర్‌లో. యజమాని ఆ తర్వాత పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నా అది చెరగదు. ఊరు మార్చి గుంటూరులో కాక హైదరాబాద్‌లో చూపించినా వెంట వస్తుంది.

సాఫ్ట్‌వేర్ తాకకుండా, టర్బో ఒత్తిడి చెప్పే సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్యన ఒక డబ్బా పెట్టే పద్ధతీ ఉంది. ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువ ఉందని అది ఈసీయూకు అబద్ధం చెబుతుంది, ఈసీయూ ఇంకాస్త పెంచుతుంది. డబ్బా తీసేస్తే సాఫ్ట్‌వేర్‌లో జాడ ఉండదు. కానీ ఏదైనా లోపం తలెత్తిన క్షణంలో ఇంజన్ వేగం, కూలెంట్ వేడి, కారు వేగం, భారం ఎంతున్నాయో ఈసీయూ ఒక చిత్రంలా దాచుకుంటుంది. ఆ చిత్రంలో ఇంజన్ ఎర్రగీత దగ్గర, భారం నిండుగా, కూలెంట్ మామూలుకంటే పైన కనబడితే, కారు ఆ సమయంలో ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో లేదని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పోర్షే కార్లలో ఇంజన్‌ను హద్దు మించి తిప్పిన సందర్భాలు తీవ్రతను బట్టి వేర్వేరు శ్రేణులుగా, ఇంజన్ ఎన్ని గంటలు నడిచాక జరిగాయో సహా నమోదవుతాయి. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు కూడా ఆ నివేదిక అడిగి తీసుకుంటారు. జపాన్‌లో అమ్మిన నిస్సాన్ జీటీ-ఆర్ అయితే, ఆమోదించిన ట్రాక్‌లో ఉన్నానని జీపీఎస్ ద్వారా తెలుసుకున్నాకే గంటకు 180 కిలోమీటర్ల పరిమితిని సడలించేది.

కంప్యూటర్ దాకా పోనక్కర్లేదు కూడా. అనుభవమున్న సర్వీసు మనిషి చక్రం విప్పగానే చూసేవి కొన్ని ఉంటాయి. డిస్కు మీద నీలిరంగు తేలి ఉండటం, కాలిపర్ పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు ఎండి పగిలి ఉండటం, టైరు భుజాల దగ్గర రబ్బరు ఒలిచినట్టు అరిగి ఉండటం, మడ్‌గార్డు లోపలి వైపు కరిగిన రబ్బరు ఉండలు అతుక్కుని ఉండటం. ఇవన్నీ ట్రాక్ ముద్రలు.

నైతికంగా కూడా ఒక గీత ఉంది. రేసు ప్యాడ్లు తీసి మామూలువి వేసుకుని సర్వీసుకు వెళ్లడం దాపరికం కాదు, అది రోడ్డు మీద క్షేమంగా నడపడం. సెన్సర్ దగ్గర పెట్టిన డబ్బా తీసి దాచి, గేర్‌బాక్సు దానంతటదే పోయిందని సంతకం పెట్టడం మోసం. అటువంటి క్లెయిముల వల్లే మిగతా నిజమైన క్లెయిములనూ కంపెనీలు అనుమానంతో చూస్తున్నాయి.

చట్టం ఎటువైపు

ఇంటర్‌నెట్‌లో దొరికే సలహాల్లో సగం అమెరికావి. అక్కడ 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం ఫలానా బ్రాండు భాగాలే వాడితేనే వారంటీ అని కంపెనీ షరతు పెట్టకూడదు. బయటి భాగం వల్లే పాడైందని చూపించాల్సిన భారం కూడా కంపెనీ మీద పడుతుంది. మన దేశంలో దానికి సరిసమానమైన వారంటీ చట్టం లేదు. ఆ సలహాలను గుంటూరు షోరూములో వల్లించడం వల్ల ప్రయోజనం ఉండదు.

దగ్గరగా వచ్చే ఉత్తర్వు ఒకటి మనకూ ఉంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలు వివాదం విడిభాగాలను బయటి మెకానిక్కులకు దక్కనివ్వకపోవడం గురించి. అందులోనే వారంటీ ప్రస్తావన వచ్చింది. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని మూకుమ్మడిగా రద్దు చేయడం తగదని, ఆ మరమ్మతు సరిగా లేక జరిగిన నష్టం మేరకే రద్దు చేయవచ్చని కమిషన్ అంది. జరిమానాల మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. పైగా అది మరమ్మతుల గురించి, శక్తి పెంచే మార్పుల గురించి కాదు. అయినా “ఎంత మేరకు నష్టమో అంత మేరకే” అన్న సూత్రం అధికారిక కాగితం మీద ఉండటం వాదనకు బలమే.

వాదన ముదిరితే వెళ్లాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక, కారు చెన్నైలో కొన్నా, కంపెనీ కార్యాలయం ముంబైలో ఉన్నా, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. తయారీ లోపం ఉందని నిరూపించడానికి మాత్రం మన మాట చాలదు, నిపుణుడి నివేదిక కావాలి. అవసరమైతే ఆ భాగాన్ని ప్రయోగశాలకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది. అందుకే క్లెయిమ్ తిరస్కరించిన రోజునే మూడు పనులు చేయాలి. కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి, స్కాన్ నివేదిక ప్రతి అడగాలి, పాడైన భాగాన్ని స్క్రాప్‌కు పంపకుండా ఉంచమని మెయిల్ పెట్టాలి. ఆ భాగం పోతే కేసు పోయినట్టే. షోరూము “కంపెనీ ఒప్పుకోలేదు” అంటుంది, కంపెనీ “డీలరు నివేదిక అలా ఉంది” అంటుంది, ట్యూనింగ్ చేసినవాడు ఫోను ఎత్తడు. తిలాపాపం తలా పిడికెడు. కాగితం ఒక్కటే మన చేతిలో ఉంటుంది.

వారంటీ పక్కన రెండు కాగితాలు

వారంటీ గొడవలో పడి మరిచిపోయేది బీమా. మన మోటారు పాలసీలో వాహనం దేనికి వాడకూడదో రాసి ఉంటుంది. నిర్వహించిన పందేలు, వేగ పరీక్షలు ఆ జాబితాలో ఉంటాయి. ట్రాక్ డే అందులోకి వస్తుందనే బీమా కంపెనీ వాదిస్తుంది. కాబట్టి ట్రాక్ మీద గోడకు తగిలిన కారు ఖర్చు మనదేనన్న లెక్కతోనే వెళ్లాలి. లోపలికి వెళ్లే ముందు నిర్వాహకులు సంతకం పెట్టించుకునే హామీ పత్రం కూడా అదే చెబుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది తిరుగు ప్రయాణం. నెల్లూరు దాటాక మామూలు ప్రమాదం జరిగినా, చెప్పకుండా చేసిన మార్పులు సర్వేయరు కంటపడితే క్లెయిమ్ మెలికలు తిరుగుతుంది.

రెండోది ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ పొసగని విధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బరువు తగ్గుతుందని వెనక సీట్లు పీకేస్తే ఆర్‌సీలోని సీట్ల సంఖ్యే అబద్ధమవుతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే కాలుష్య ప్రమాణాల ఉల్లంఘన. చప్పుడు పెరిగిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించే ఫొటోలు మన పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఇవి వారంటీతో సంబంధం లేని నష్టాలు, వారంటీ ఉన్నా తప్పనివి.

ఇంత చెప్పాక కూడా శక్తి పెంచే సరదా తీరలేదంటే, దానికి వారంటీ ఉన్న కొత్త కారును బలిపెట్టనక్కర్లేదు. పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది. వారంటీ గడువు తీరిన పోలో జీటీలు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో తిరుగుతున్నాయి, వాటి సామాను ఎక్కడ దొరుకుతుందో ఆటోనగర్‌కు బాగా తెలుసు. కొనే ముందు టర్బో, గేర్‌బాక్సు, టైమింగ్ పని మీద వచ్చే ఖర్చును ధరలో తగ్గించుకోవాలి. మాన్యువల్ గేర్లది దొరికితే మరీ మంచిది. దానికి కేజ్ (బోల్తా పడినా కాపాడే ఇనుప గొట్టాల చట్రం) వెల్డింగ్ చేయించి, సీట్లు తీయించి, పూర్తిగా ట్రాక్ కారుగా మారిస్తే ఇక దాన్ని రోడ్డు మీద నడపకూడదు. హెల్మెట్ లేని తలకు లోపలి ఇనుప గొట్టాలే ముప్పు, ఆర్‌సీ చిక్కు సరేసరి. లారీ మీదే ఎక్కించి చెన్నై పంపాలి. రానూ పోనూ ఆ కిరాయి ఇద్దరు ముగ్గురు స్నేహితులు పంచుకుంటేనే గిట్టుబాటవుతుంది, అందుకే ఇటువంటి కార్లు చాలావరకు ఉమ్మడి ఆస్తులే.